వినదగిన పుస్తకాలు

పుస్తకం కంటికి సంబంధించినదనీ, వినడం కేవలం కాలక్షేపమనీ మనలో చాలామంది భావిస్తారు. సెల్‌ఫోన్‌లో నవల వింటున్న విద్యార్థిని చూసి, చదవడానికి బద్ధకమని పెద్దలు విసుక్కోవడం కద్దు. ఈ అభిప్రాయంతో మేము పూర్తిగా ఏకీభవించలేము.

మన దేశంలో సాహిత్యం మొదట చెవినే ఆశ్రయించింది. పురాణ పఠనం, హరికథ, బుర్రకథ విని అక్షరం రానివారు సైతం సాహిత్య రసజ్ఞులైనారు. ఉర్దూలో దాస్తాన్‌గోయీ అటువంటిదే. 1928లో ఢిల్లీలో మీర్ బాఖర్ అలీ మరణంతో అంతరించిందనుకున్న ఆ కళ 2005లో మళ్ళీ వేదిక నెక్కింది. ఇంగ్లండులో 1935లో అంధుల కోసం ‘మాట్లాడే పుస్తకాలు’ వెలువడినప్పుడు, తొలి గ్రంథాలలో అగాథా క్రిస్టీ అపరాధ పరిశోధక నవల ఒకటి.

అయితే అన్ని ప్రక్రియలూ చెవికి ఒకే విధంగా ఒదగవు. మా అనుభవంలో అగ్రస్థానం నాటకానిదే. గురజాడవారి ‘కన్యాశుల్కం’ బాగా చదివి వినిపిస్తే, మాట్లాడేది గిరీశమో మధురవాణియో వేరే చెప్పనక్కరలేదు. తరువాతిది కథానిక. బస్సు ప్రయాణం ముగిసేలోగా కథ కూడా ముగుస్తుంది. హాస్యవ్యాసం చదివేవారి నేర్పుపై ఆధారపడుతుంది. 2023లో కన్నుమూసిన జియా మొహియుద్దీన్ పఠనంలో పత్రస్ బుఖారీ వ్యాసాలు విన్నవారికి, సరైనచోట ఆగడం కూడా ఒక విద్యయేనని తెలుస్తుంది. పద్యంలోని యతిప్రాసలు, గజల్‌లోని రదీఫ్ కాఫియాలు చెవి కోసమే పుట్టినవి. కాని పద్యాన్ని రాగంలో సాగదీసినకొద్దీ అర్థం మరుగున పడుతుంది. ‘వేయిపడగలు’ వంటి బృహన్నవల వింటే పాత్రలను మరచి పలుమార్లు వెనుకకు పోవలసి వస్తుంది. తేదీలు, పట్టికలు నిండిన చరిత్రకూ అర్థశాస్త్రానికీ కన్నే శరణ్యం.

ఇంతకూ మేము ఈ చర్చకు పూనుకొనడానికి కారణం వేరొకటి ఉన్నది. మన కళాశాలలో రెండు భాషలున్నాయి. ఒకదాని లిపి ఎడమనుండి కుడికి, మరొకదానిది కుడినుండి ఎడమకు సాగుతుంది. ఒకరి మాట మరొకరికి తెలుసు, ఒకరి పుస్తకం మాత్రం మరొకరికి తెలియదు. ఈ సంచికలోనే సగం పుటలను మనలో చాలామంది తిరగేసి విడిచిపెడతారు.

ఈ అడ్డుగోడకు శ్రవణం ఒక ద్వారం కాగలదని మా విశ్వాసం. ఉర్దూ రాతలో హ్రస్వ స్వరాలను సాధారణంగా గుర్తించరు. అలిఫ్, సీన్ కలిపి రాసిన మాట ‘ఇస్’ కావచ్చు, ‘ఉస్’ కావచ్చు. మొదటిది దగ్గరి దానిని, రెండవది దూరపు దానిని సూచిస్తుంది. కొత్తగా నేర్చేవాడు కంటితో తేల్చుకోలేనిది వింటే క్షణంలో తేలిపోతుంది. అట్లే ‘కల’కూ ‘కళ’కూ గల భేదం ఉర్దూ మిత్రులకు వినగా వినగా పట్టుబడుతుంది.

కాని ద్వారం వద్దనే నిలిచిపోరాదు. విని తృప్తిపడి అక్షరం నేర్వకపోతే పొరుగు భాష మనకు పాటగానే మిగులుతుంది. కనుక గ్రంథాలయంలో వారానికొక గంట శ్రవణానికి కేటాయించవలసిందిగా కళాశాల సంఘం వారిని కోరుతున్నాము. ఒక వారం తెలుగు నాటకం, మరు వారం ఉర్దూ కథ వినిపించవచ్చు. వినేవారి చేతిలో ఆ పుస్తకం ఉండాలి. ఆ లిపి తెలిసిన సహాధ్యాయి పక్కన కూర్చుని వరుస వెంట వేలు నడిపించాలి. చూపు లేని మన మిత్రులకు ఈ గంట మరింత అవసరం.

విద్యార్థి సోదరీ సోదరులారా! రాబోయే ఏటి సంచికను ఈ చివరినుండి ఆ చివరిదాకా చదువగలవారు మనలో పదిమంది తయారైనా మా విన్నపం సఫలమైనట్లే.