కర్రసాముకు అరగంట కేటాయించాలి

అంగళ్లు పరిసరాల్లో టమోటా కోతలు మొదలైతే రైతుకు, కూలీకి ఊపిరి సలపదు. తెల్లవారకముందే తోటలో దిగాలి. బాక్సులు నింపి మదనపల్లె మార్కెట్టుకు తోలాలి. సాయంత్రం ఆవుల పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. ఇటువంటి చోట కర్రసాము నేర్చుకోమంటే 'తీరికెక్కడిది?' అని అడగడం సహజమే.

అయితే ఇది తీరిక ఉన్నవారి విద్య కాదు. పల్లెల్లో సాము నేర్చినవారిలో పగలంతా మడక దున్నినవారే ఎక్కువ. నేడు కర్ర తిప్పడం పీర్ల పండుగకు, జాతరలకు పరిమితమవుతోంది. పండుగకు నాలుగు రోజుల ముందు కర్ర పట్టి, ఆపై ఏడాది పొడవునా మూలన పడవేస్తే విద్య నిలవదు. చేయి తిరిగిన పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగైతే వారితోపాటే అడుగులూ, వరుసలూ పోతాయి. ఇవి పుస్తకం చూసి నేర్చేవి కావు.

పొలం పనే వ్యాయామం కదా అనేవారున్నారు. కొంతవరకు నిజమే. కాని వంగి కాయలు కోయడంలో, బరువులు మోయడంలో నడుమే నలుగుతుంది. కర్రసాములో రెండు చేతులూ, కాళ్లూ, చూపూ కలిసి పనిచేస్తాయి. అంగట్లో కూర్చునేవారికి, బస్సెక్కి కాలేజీకి పోయే పిల్లలకు దీని అవసరం మరింత ఎక్కువ. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట.

ఇతర దక్షిణాది రాష్ట్రాలు ఈ విషయంలో ముందున్నాయి. తమిళనాడు సిలంబం 2024 జనవరిలో ఖేలో ఇండియా యువజన క్రీడల్లో ప్రదర్శన క్రీడగా చోటు సంపాదించింది. కేరళలో ఏడేళ్ల వయసులో కళరి విద్య మొదలుపెట్టిన మీనాక్షి అమ్మ డెబ్బై దాటాక కూడా నేర్పుతూ 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

మనవారూ పాలు పోసి వచ్చాక అరగంట కర్ర పట్టవచ్చు. కోత రోజుల్లో ఒళ్లు అలిసిననాడు జోడు కర్రల పోరు మాని, పావుగంట అడుగులు వేసినా సాధన తెగదు. సాయంత్రం వేళ బడి ఆవరణ తెరిపించి, ఒక దీపం ఏర్పాటు చేయించడం పంచాయతీ పెద్దలకు భారం కాబోదు. మగపిల్లలతోపాటు ఆడపిల్లలకూ అక్కడ చోటివ్వాలి. నేర్పేవారు ఊళ్లో ఉండగానే ఈ పని జరగాలి.