తుపాకికి పొలమారితే

సైలెన్సరు అనే మాట మోటారు సైకిలు పుణ్యమా అని మన ఇళ్ళలో పాతుకుపోయింది. బడికి పోయే పిల్లవాడు కూడా కాలు చురుక్కుమంటే "సైలెన్సరు తగిలిందమ్మా!" అంటాడు. కాని తుపాకికీ సైలెన్సరు ఉంది. అమెరికాలో హైరం పెర్సీ మాక్సిం అనే ఇంజనీరు 1909లో దానికి పేటెంటు పొందాడు. అదే కిటుకును యంత్రాల పొగగొట్టాలకూ వాడాడు. ఈయన తండ్రి ఎవరనుకున్నారు? 1884లో తనంతట తానే తూటాలు మింగే మరతుపాకిని తయారు చేసిన మాక్సిం దొర! ఏళ్ళ తరబడి ఆ మోత విని విని ఆయనకు చెవుడు వచ్చింది. తండ్రి తుపాకికి తినడం నేర్పితే, కొడుకు దాని నోరు నొక్కాడన్నమాట. ఈ రెండు విద్యలూ ఒకచోట చేరితే వచ్చే చిక్కే ఈ వారం మన కబురు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి తుపాకి గొడవేమిటనకండి. మా ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో పాలవంచ దాటాక కమ్ముకొనే అడవి ఎన్ని తుపాకుల మోత వినలేదు! ఆ అడవే గోదావరి దాటి తూర్పుగా సాగి రంప, గూడెం మన్యాలవుతుంది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులు పట్టుకుపోయాడు. తుపాకులతోపాటు తూటాలూ పట్టుకుపోవలసి వచ్చింది. సర్కారు తుపాకి సర్కారు తూటానే తింటుంది మరి. నాటు తుపాకిలో కూరినట్టు దానిలో మందూ, గుళ్ళూ కూరితే కుదరదు. అడవిలో వెదురు మొలుస్తుంది గాని తూటా మొలుస్తుందా?

అది తిండి లేని ఆకలి. తిండి ఉండీ గొంతు దిగని జబ్బు వేరు. దాన్ని నాకు విడమరిచి చెప్పినవారు మా పక్క వీధిలో ఉండే రిటైరైన సుబేదారు గారు.

"మా రోజుల్లో ఇషాపూర్ ఎస్.ఎల్.ఆర్. ఉండేది మాస్టారూ. మాగజీనులో ఇరవై తూటాలు," అని మొదలుపెట్టారు. (మాగజీను అంటే మీ చేతిలో ఉన్న వారపత్రిక కాదు, తూటాల పెట్టె. రెంటికీ మూలం సామాను కొట్టు అనే అర్థమున్న ఒక అరబ్బీ మాటే.) తూటా పేలగానే గొట్టంలోంచి కొంచెం గ్యాసు ఒక రంధ్రం గుండా వచ్చి బోల్టును వెనక్కి తంతుంది. ఖాళీ డొల్ల బయట పడుతుంది. స్ప్రింగు బోల్టును ముందుకు నెడితే, అది పోతూ పోతూ మాగజీనులోంచి మరో ముద్ద అందుకుంటుంది. గ్యాసు చాలకపోతే బోల్టు సగం దూరం వచ్చి ఆగిపోతుంది, ముద్ద అందదు. అందుకే గ్యాసు పెంచుకోవడానికీ, తగ్గించుకోవడానికీ దానికొక తిరుగుడు కట్టు పెట్టారు.

"మరి సైలెన్సరు తగిలిస్తే?"

"అప్పుడు ఎక్కువై కూర్చుంటుంది. నోట్లో ముద్ద పెట్టుకున్నవాడి నోరు మూస్తే పొలమారదూ? అలాగే!"

గ్యాసు గబుక్కున బయటికి పోలేక వెనక్కి తంతుంది. బోల్టు మామూలు కంటె జోరుగా వచ్చి పోతుంది. మాగజీను స్ప్రింగు కింది తూటాను పైకి నెట్టేలోగా బోల్టు దాని మీదుగా దాటిపోతుంది, లేదా వంకరగా ఇరికిస్తుంది. మసి కూడా తుపాకి లోపలే పేరుకుంటుంది.

అయితే సుబేదారు గారు సైలెన్సరును వెంటనే తిట్టరు. ముందు మాగజీను మార్చి చూడమంటారు. దాని పెదవులు వంగినా, స్ప్రింగు నీరసించినా ఇదే జబ్బు. ఆ తరువాత శుభ్రం చేయాలి. అప్పటికీ దారికి రాక, సైలెన్సరు తీస్తే మాత్రం చక్కగా తింటోందంటే గ్యాసు తగ్గించుకోవలసిందే. ఇంతా చేసి అది పూర్తిగా మూగబోతుందా అంటే అదీ లేదు. తూటా శబ్దం కంటె వేగంగా పోతుంది గనుక గాలిలో దాని చిటపట దానిదే. ఈ సరంజామా మన దేశంలో మామూలు లైసెన్సుకు దొరికేదీ కాదు.

"ఇవన్నీ తరువాత సంగతి మాస్టారూ," అన్నారు చివర. మీట నొక్కితే పేలలేదనుకోండి, తుపాకిని ఎవరూ లేని వైపే ఉంచి, నిమ్మళంగా ముప్పై అంకెలు లెక్కపెట్టాలట. లోపల మందు నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఆ ముప్పై లెక్కపెట్టే ఓపిక లేక బోల్టు లాగి, రెండు వేళ్ళు పోగొట్టుకున్న కుర్రవాణ్ణి ఆస్పత్రికి మోసుకుపోయింది తానేనన్నారు.