గాలికి గట్లు వేస్తే భద్రమా?

మా ఊళ్ళో శివారు పొలాలకు కాలువనీరు వంతుల మీద వస్తుంది. కాలువ అందని రోజుల్లో బోరే దిక్కు. ఆ బోరు మోటారు ఇప్పుడు ఫోను పిలుపుతో ఆడుతుంది. టవరు మూగబోయిన రాత్రి మాత్రం మా నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట నడవాల్సిందే.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా స్పెక్ట్రమ్ అనగానే మనకు తోచేది వేలంపాటే. ఎవరి ముక్క వారికి గట్టు వేసి ఇస్తేనే భద్రమని చాలామంది నమ్మకం. హాస్టల్లో నా మిత్రుడూ అదే వాదిస్తాడు: "పదిమంది తిరిగే దారిలో రహస్యమేమిట్రా!" అని.

నేనొప్పుకోను. ఒకే పౌనఃపున్యాన్ని పట్టుకు కూర్చున్నవాడి మాట వినడమూ సులువే, దానికి అడ్డుపడటమూ సులువే. శత్రువు ఆ ఒక్కచోట కాపు కాస్తే చాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దీనికి విరుగుడు ఆలోచించినవారిలో హాలీవుడ్ తార హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ ఉన్నారు. టార్పిడోకు పంపే సంకేతం 88 పౌనఃపున్యాల మధ్య గెంతుతూ పోవాలి. గెంతే వరస పంపేవాడికీ అందుకునేవాడికీ మాత్రమే తెలియాలి. 1942లో పేటెంటు వచ్చింది, నౌకాదళం మాత్రం అప్పట్లో వాడలేదు. (సినిమాతార అంటే తళుకే అనుకునే మిత్రులు కాస్త గమనించాలి!)

1985లో అమెరికా కొన్ని బ్యాండ్లను ఇటువంటి పద్ధతులకు లైసెన్సు లేకుండానే తెరిచింది. మన దగ్గర 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండుకు 2005లో పూర్తి స్వేచ్ఛ దొరికింది. వైఫై, బ్లూటూత్, చివరికి మైక్రోవేవ్ పొయ్యి రొద కూడా అక్కడే. ఆ సంతలో బతకాలి గనుకనే మామూలు బ్లూటూత్ 79 మార్గాల మీద సెకనుకు 1600 సార్లు గెంతడం, రద్దీ మార్గాన్ని తప్పుకు పోవడం నేర్చింది. పొరుగువాడి రొదను తట్టుకున్న యంత్రమే శత్రువు రొదనూ కొంత తట్టుకుంటుంది. ఒంటరి మడిలో పెరిగినదానికి ఆ రాటుదేలడం ఎక్కడిది?

అయితే గెంతడమే తాళం కాదు. సందేశానికి గుప్తలిపి వేరే ఉండాల్సిందే. వంతు లేని కాలువ తగాదాలకే దారి, కనుక ఎవరెంత శక్తితో ప్రసారం చేయాలో హద్దూ ఉండాలి. ఇందులో మా మిత్రుడి మాట నిజమే.

865 మెగాహెర్ట్‌జ్ దగ్గర మనకు లైసెన్సు అక్కర్లేని మరో బ్యాండుంది. దాని మీద మోటారు నడపడమే ఈ యేడు మా ఇద్దరి ప్రాజెక్టు. వాడు అడ్డుపడతాడట, నేను నిలబెట్టాలి. వాదం మా బోరు దగ్గరే తేలుతుంది.