గిడుగు ఫొటోకి దండ, మన సవరకి మొండిచెయ్యి



ఆగస్టు 29 వస్తే చాలు, మా హాస్టల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేసి, వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం చెప్తారు. మేం కింద కూర్చుని చప్పట్లు కొడతాం. ఆ స్టేజీ మీద ఒక్కరూ సవర మాట ఎత్తరు.

పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నది ఆ పంతులు గారే. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన రాసిన సవర భాషా గ్రంథం అచ్చయింది. పిల్లలకి నోటికొచ్చిన భాషలో చదువు చెప్పాలన్నది తెలుగు పిల్లలకి న్యాయమైతే, సీతంపేట కొండల మీది పిల్లలకి ఎందుకు కాదు?

"లిపి లేదు, అదో యాస" అంటారు. 1936లోనే మంగేయ్ గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. పైగా సవర తెలుగుకి యాస కాదు, ముండా భాష. సంతాలీకి చుట్టం. ఆ సంతాలీ 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. మన భాష ఇంకా గుమ్మం బయటే ఉంది.

"చచ్చినోళ్లతో మాట్లాడతారట" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. మన పూజారి నోట పోయినవాళ్లు పలికితే, ఉన్నవాళ్లు అడుగుతారు, పోట్లాడతారు, ఏడుస్తారు. అలా దుఃఖం మెల్లగా దిగుతుంది. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, అందులో మాకు తగువు లేదు. కానీ ఆ మాటలన్నీ సవరలోనే సాగుతాయి. భాష పోతే తాతముత్తాతలతో ఏ నోటితో మాట్లాడతాం?

ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణ చెప్తోంది. ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో నెం.3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. సరే, మరి సవర రాని టీచరు ఒకటో తరగతి పిల్లకి ఏం చెప్తాడు? ఈ ప్రశ్నకి ప్రభుత్వం జవాబు చెప్పాలి.

తప్పు మనదీ ఉంది. బస్సులో అమ్మ ఫోన్ చేస్తే గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడేది మనమే. ఆ సిగ్గు మనకి నేర్పినవాళ్లకే తిరిగి ఇచ్చేద్దాం.

రాబోయే జనగణనలో మాతృభాష అడిగితే "సవర" అని గట్టిగా చెప్పి రాయిద్దాం. వచ్చే ఆగస్టు 29న అదే స్టేజీ ఎక్కి సవరలో మాట్లాడదాం. మైకు ఇవ్వకపోతే మైకు లేకుండానే మాట్లాడదాం. కొండల్లో పెరిగిన గొంతులు మనవి!

జై ఆదివాసీ!