వంద దాకా అప్పజెబితే లెక్క వచ్చినట్టేనా?

ఏటా జూన్‌లో మన హాస్టలుకు 3వ తరగతి తమ్ముళ్ళు ట్రంకుపెట్టెలతో వస్తారు. సాయంత్రం స్టడీ అవర్‌లో వాళ్ళకు అంకెలు నేర్పే పని పదో తరగతి వాళ్ళమైన మా మీద పడుతుంది. ఆ పని మేం ఎంత తప్పుగా చేశామో ఈ వార్షికోత్సవ సంచికలో ఒప్పుకుంటున్నాం.

నిరుడు వచ్చిన ఒక తమ్ముడు ఒకటి నుంచి వంద దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. శభాష్ అన్నాం. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎనిమిది పళ్ళాలు తెమ్మంటే చేతికందినన్ని తెచ్చాడు. అందరం నవ్వాం. అంతటితో ఆగక, ఒకటి నుంచి వంద దాకా ఐదుసార్లు రాయమన్నాం. చకచకా రాసి చూపించాడు. ఎలా రాశాడో తర్వాత గమనించాం. పైనుంచి కిందికి వరుసగా 1లు దింపేసి, వాటి పక్కన 0 నుంచి 9 దాకా పేర్చుకుంటూ పోయాడు. 14 రాశాడు గానీ పద్నాలుగు అనే మాట వాడి మనసులోకి రానేలేదు. (నిజం చెప్పాలంటే, ఇంపోజిషన్ మేమూ అలాగే రాసేవాళ్ళం.) దసరా సెలవులకు వెళ్ళినవాడు దీపావళి దాటినా రాలేదు. చివరికి వాళ్ళమ్మ వెంటబెట్టుకొచ్చి, "లెక్కలంటే బయమంట నాయనా, కొట్టకుండా చెప్పండి" అంది. మేం కొట్టలేదు. కానీ నవ్వాం కదా!

అప్పటినుంచి నోటుబుక్కు పక్కనబెట్టి చింతపిక్కలు పట్టుకున్నాం. పిల్లల నోరు వేలికంటే ముందు పరుగెత్తుతుందని అప్పుడే తెలిసింది. ఐదు పిక్కలున్నచోట ఏడు అనేస్తారు. ఒక్కో పిక్కను పక్కకు జరుపుతూ ఒక్కో అంకె పలికిస్తే ఆ తొందర తగ్గుతుంది. లెక్కపెట్టడం అయ్యాక "మొత్తం ఎన్నిరా?" అని అడిగితే కొందరు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివర పలికిన అంకే మొత్తమని వాళ్ళకు ఇంకా తట్టలేదన్నమాట. అది తట్టేదాకా పలక ముట్టుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

తర్వాత చీపురుపుల్లలు. పదేసి పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు. ఇరవై మూడు అంటే రెండు కట్టలు, మూడు విడిపుల్లలు. ఇది చేతితో చేసిన పిల్లవాడు ఇరవై మూడును 203 అని రాయడు. నూట ఐదును 1005 అని రాసేవాడికి పది కట్టలు కలిపి పెద్ద మోపు కట్టించాలి. ఒక మోపు, విడి కట్టలు లేవు, ఐదు పుల్లలు. ఆ 'లేవు' అన్నచోటే సున్నా కూర్చుంటుంది. ఎక్కాలు వల్లించడానికి మేం వ్యతిరేకం కాదు, అవి ఆ తర్వాత రావాలంటున్నాం.

ఇంకో సంగతి. బడిలో ఇంగ్లీషు మీడియం కాబట్టి పిల్లలు 'ఫోర్టీన్' వింటారు. అందులో నాలుగు ముందు వినబడుతుంది, అందుకని 41 రాసేస్తారు. 'థర్టీన్', 'థర్టీ' వాళ్ళ చెవికి ఒకటే. తెలుగులో పద్నాలుగు అన్నా నలభై ఒకటి అన్నా పదులే ముందు పలుకుతాయి, రాసేటప్పుడూ అదే వరుస. కాబట్టి లెక్క ముందు తెలుగులో పట్టుబడాలి, ఇంగ్లీషు పేర్లు దాని మీద ఎక్కించొచ్చు.

రాత గురించి రెండు మాటలు. 3ను తిరగేసి రాయడం, 6కూ 9కీ తడబడటం చిన్న పిల్లల్లో మామూలే. ఇసుకలో వేలితో పెద్దగా దిద్దించి, ఆ తర్వాత పలక ఇవ్వాలి. మన తాతలు ఇసుకలోనే దిద్దారు. రెండు సున్నాలు ఒకదానిమీద ఒకటి పెట్టి 8 అనేవాడికి మాత్రం చెయ్యి పట్టుకుని తిప్పించాల్సిందే.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం పిల్లలకు 3వ తరగతి ముగిసేలోగా చదవడం, లెక్కించడం రావాలంటుంది. మన హాస్టలుకు పిల్లలు వచ్చేదే 3వ తరగతికి! అంటే మన చేతిలో ఉన్నది ఒక్క ఏడాది. ఇళ్ళలో దగ్గర కూర్చుని చెప్పేందుకు చాలామందికి ఎవరూ లేరు, ఆ సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే స్టడీ అవర్‌లో మొదటి అరగంట ఇద్దరు తమ్ముళ్ళకు ఒక అన్న చొప్పున కేటాయించమని వార్డెన్‌గారిని కోరుతున్నాం. పళ్ళాలు పదేసి పేర్చి వంటవాళ్ళకు లెక్క చెప్పే పని ఆ తమ్ముళ్ళకే ఇవ్వాలి. నిరుటి తమ్ముడు ఇప్పుడు ఆదివారం కోడిగుడ్లు లెక్కపెడుతున్నాడు. మొన్న ఒకటి తక్కువైందని మమ్మల్నే నిలదీశాడు. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి: వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఈసారి చాక్లెట్లు వద్దు, సంచెడు చింతపిక్కలు, రెండు పొట్లాల రబ్బరుబ్యాండ్లు తెచ్చిపెట్టండి.