కూలి డబ్బుతో కట్టిన కోవెల

1860ల షికాగోలో కాథలిక్ గుళ్లకు కరువు లేదు. ఐరిష్ వాళ్లకున్నాయి, జర్మన్లకున్నాయి. పూజ అంతటా లాటిన్‌లోనే. అయినా పోలండ్ నుంచి వలస వచ్చిన కొద్దిపాటి కుటుంబాలు 1864లో పునీత స్టానిస్లాస్ కోస్ట్కా పేరిట సంఘం పెట్టుకుని, 1867కల్లా సొంత విచారణ సాధించుకున్నాయి. దేశపటంలో పోలండే లేని రోజులవి.

ఎందుకంత పట్టుదల? పాపసంకీర్తనం లాటిన్‌లో చెయ్యరు కదా! మోకరించి, చేసిన తప్పు గురువు చెవిన వేసే వేళ మాటల కోసం తడుముకోవాల్సి వస్తే, మనిషి సగమే చెప్పి లేస్తాడు. ప్రసంగమైనా, చావుమంచం దగ్గర ఓదార్పయినా అంతే. సొంత గుడి కోరుకోవడాన్ని వేరుకుంపటి అనేవాళ్లతో నేను ఏకీభవించను.

తోళ్ల కార్ఖానాల్లో, ఉక్కు మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకుని తెచ్చిన కూలిలోంచి తీసిచ్చిన డబ్బుతోనే ఆ గుడి లేచింది. మొదట చెక్క కట్టడం. ఇప్పుడున్న ఇటుక గుడికి 1877లో పునాదిరాయి పడింది, 1881లో ప్రతిష్ఠ జరిగింది. 1897 నాటికి ఆ ఒక్క విచారణలోనే 8,000 కుటుంబాలు, 40,000 మంది. ఆదివారం పై గుడిలో ఆరు పూజలు, కింది గుడిలో మరో ఆరు.

డబ్బిచ్చినవాడు దస్తావేజు ఎవరి పేరిట ఉందని అడుగుతాడు. నడిచిపోయేంత దూరంలోనే ఉన్న హోలీ ట్రినిటీ గుడి, ఆస్తి మేత్రాణిదా జనానిదా అన్న ఈ తగవుతోనే ఏళ్ల తరబడి మూతపడి, 1893లో పోపు రాయబారి కల్పించుకుంటే గానీ తెరుచుకోలేదు. మరో ఊరు స్క్రాంటన్‌లో ఇలాంటి తగవే ముదిరి, జనం 1897లో ఫాదర్ ఫ్రాన్సిస్ హోదూర్ వెంట నడిచి, చివరికి రోముతో తెగతెంపులు చేసుకునే దాకా వెళ్లింది. మేత్రాణుల భయం అర్థమవుతుంది. పెత్తనమంతా పెద్దమనుషుల చేతికిస్తే గురువు వాళ్ల జీతగాడవుతాడు. కానీ పద్దులు విప్పి చూపడానికేం అడ్డం? ఆ ఒక్క పని చేసుంటే సగం గొడవలు గుమ్మం దాటేవి కావని నా నమ్మకం.

నేడు స్టానిస్లాస్ గుడిలో ఇంగ్లీషు, పోలిష్‌లతో పాటు స్పానిష్‌లోనూ పూజ జరుగుతోంది. అమెరికాలోని మన తెలుగు కాథలిక్కులు తెలుగు పూజ కావాలంటే మాత్రం ‘ఇంగ్లీషు వచ్చుగా’ అనేవాళ్లున్నారు. వాళ్లకు వచ్చు. మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వెళ్లిన అమ్మకు రాదు. ఆమె పాపసంకీర్తనం ఎవరు వినాలి? అక్కడి మేత్రాసనాల్లో తెలుగు గురువులు చాలామందే పనిచేస్తున్నారు. నెలకో ఆదివారం వాళ్లలో ఒకరిని తెలుగు కుటుంబాలున్న ఊరికి పంపడం మేత్రాణులకు పెద్ద భారమేమీ కాదు.