గట్టిమేళం వేళకి మూగబోయిన పెట్టె

"ఒరే, నీ డబ్బా నా పరువు తీసేసిందిరా!"

ఫోన్‌లో బాబాయ్. మాది పాయకరావుపేట. తాండవ దాటితే తుని. ఈ రెండూళ్లలో పెళ్లిళ్లకి ఆయనే మైక్ సెట్ పెడతాడు. పాటల కోసం ఆయనకో చిన్న కంప్యూటర్ బోర్డు నేనే తయారుచేసిచ్చా. ఆ రోజు పెళ్లివాళ్లకి మేళం మాట్లాడుకునే స్తోమత లేదు, రికార్డింగే దిక్కు. పంతులు గారు "గట్టిమేళం" అన్నారు. రెండు సెకన్లు మోగి ఆగిపోయింది. మౌస్ కదల్లేదు, కీబోర్డు పలకలేదు. తాళి నిశ్శబ్దంగా కట్టారట. బాబాయ్ డబ్బులు తీసుకోకుండా వచ్చేశాడు.

నేను వేసింది మామూలు లినక్స్ కాదు, రియల్ టైమ్ ప్యాచ్ వేసిన పాత కెర్నెల్. రియల్ టైమ్ అంటే వేగం అనుకుంటాం. కాదు, చెప్పిన టైముకి పని అయ్యేలా చూడటం. సెకనుకి 48,000 శాంపిళ్లు, ఒక్కో విడతకి 256 అనుకుంటే, ప్రతి 5.3 మిల్లీసెకన్లకి తర్వాతి ముక్క సిద్ధంగా ఉండాలి. లేటైతే పాట తెగుతుంది. అందుకే పాట థ్రెడ్‌కి 80 ప్రయారిటీ ఇచ్చా. మరి అదే ఎందుకు ఆగింది?

ఆదివారం పెట్టె ఇంటికి తెచ్చుకున్నా. వంద పాటలు వేసినా ఏం కాలేదు. చివరికి వాల్యూమ్ నాబ్ వైరు తగిలి కదిలింది, అంతే, బిగుసుకుపోయింది! సీరియల్ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఎప్పుడు ఏ థ్రెడ్ నడిచిందో ఎఫ్‌ట్రేస్ రాసుకున్న చిట్టా బయటికి లాగా.

విషయం ఇదీ. పాట పేరు ఫైల్లో రాసే చిన్న థ్రెడ్ ఒక తాళం పట్టుకుంది. అదే తాళం కోసం పాట థ్రెడ్ ఆగింది. ఈలోగా 40 ప్రయారిటీ ఉన్న నాబ్ థ్రెడ్, వైరు వదులై ఎర్రర్ రాగానే, క్షణం ఆగకుండా మళ్లీ మళ్లీ చదవడం మొదలెట్టింది. బోర్డులో ఉన్నది ఒక్కటే కోర్. చిన్న థ్రెడ్‌కి వంతు రాదు, తాళం వదలదు.

ఒక్క బండే పట్టే వంతెన అనుకోండి. మీద ఆటో, వెనక అంబులెన్స్. ఆటోకి అడ్డంగా లారీ. సైరన్ ఎంత మోగించినా ఏం లాభం? వంతెన దాటేదాకా ఆ సైరన్ ఆటోకి ఇస్తే లారీ తప్పుకుంటుంది. దీన్నే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అంటారు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయింది ఇలాంటి చిక్కుతోనే. ఇంజినీర్లు భూమి మీద నుంచే ఈ సదుపాయం ఆన్ చేసి బాగుచేశారు.

రియల్ టైమ్ కెర్నెల్ తన లోపలి తాళాల్లో చాలావాటికి ఈ ఏర్పాటు చేసుకుంటుంది. నా ప్రోగ్రామ్ తాళానికి మాత్రం నేనే అడగాలి. అడగలేదు. పైగా ఇంకో తప్పు చేశా. రియల్ టైమ్ పనులు సెకనులో 95 శాతానికి మించి ప్రాసెసర్‌ని వాడకుండా లినక్స్ ఒక పరిమితి పెడుతుంది. పాట తెగుతుందేమోనని దాన్ని తీసేశా. అది ఉండుంటే మిగిలిన 50 మిల్లీసెకన్లలో చిన్న థ్రెడ్ తాళం వదిలేది. పాట ఒకసారి తెగేదేమో గానీ, పెట్టె మొత్తం బిగుసుకునేది కాదు.

పరిమితి తిరిగి పెట్టా. తాళానికి ఇన్‌హెరిటెన్స్ అడిగా. ఎర్రర్ వస్తే కాసేపు ఆగమని నాబ్ థ్రెడ్‌కి చెప్పా. దాదాపు 20 ఏళ్ల శ్రమ తర్వాత, 2024లో 6.12 వెర్షన్‌తో రియల్ టైమ్ సదుపాయం లినక్స్ అసలు కెర్నెల్‌లోనే చేరింది. కానీ ఏ కెర్నెల్ అయినా మన ప్రోగ్రామ్‌లో తప్పుని దిద్దదు. ముఖ్యమైన పనికి పెద్దపీట వేస్తే సరిపోదు, అది ఎవరి కోసం ఎదురుచూస్తోందో కూడా చూసుకోవాలి.

తర్వాతి ముహూర్తానికి నేనూ వెళ్లా. గట్టిమేళం చివరిదాకా మోగింది. బాబాయ్ పక్కన చూస్తే, అదే రికార్డింగ్‌తో ఆయన ఫోను రెడీగా ఉంది.

"నమ్మకం లేదా బాబాయ్?"

"నీ మీద ఉంది రా. వైరు మీద లేదు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌కి ఛార్జర్ నేనే పెట్టా.